చివరి గడిలో నిజం రాసిన మా లెక్కల సారు

మా లెక్కల సారు రాజలింగం గారు ఇక లేరు. ఈ వాక్యాన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసినా అర్థం మారడం లేదు. గత ఆదివారం వేములవాడలోని స్వగృహంలో, నిద్రలోనే, ఆయన గుండె ఆగిపోయింది. పొద్దున్నే ఆయన సతీమణి భూలక్ష్మమ్మ ఫోన్ చేసి, "స్వరూపా, మీ సారు లేస్తలేడు బిడ్డా" అన్నది. నేనేమన్నానో వినండి. "ఆదివారమే గదమ్మా, జరంత సేపు పండనియ్యి" అన్నాను. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక గాని ఆమె చెప్పిన మాట నా తలకెక్కలేదు.

సుల్తానాబాద్ దగ్గరి మా ఊరి ఉన్నత పాఠశాలలో నేను ఆయన దగ్గర పదో తరగతి చదివాను. తర్వాత ఆయన కొంతకాలం ఉట్నూర్ ఏజెన్సీలో పనిచేసి మళ్లీ మా బడికే వచ్చారు. నేనూ అదే బడికి తెలుగు టీచరునై వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. శిష్యురాలిగా, సహోద్యోగిగా రెండు వైపుల నుంచీ ఆయనను చూసే భాగ్యం నాకు దక్కింది. ఇప్పుడు ఆ భాగ్యాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

సారు పుట్టుకతోనే మహనీయులని రాస్తే అబద్ధమవుతుంది. అబద్ధం రాస్తే ఆయన ఊరుకోరు. ఆయన మరమగ్గాల ఇంట పుట్టినవారు. బట్టలో చిన్న లోపం కనిపించినా తండ్రి కూలిలో కోత పడేది. "మా బాపు బట్టను కరెంటు బుగ్గ కింద పట్టుకొని సూస్తుంటె, నేను పక్కన ఊపిరి బిగవట్టుకొని నిలవడేది" అని ఒకసారి చెప్పారు. ఆ బిగబట్టిన ఊపిరితోనే ఆయన ఉపాధ్యాయులయ్యారు. బోర్డు మీద వృత్తం గీసేవారు. గుండ్రంగా రాలేదని చెరిపేవారు. మళ్లీ గీసేవారు, మళ్లీ చెరిపేవారు. గంట కొట్టేసరికి బోర్డు మీద సుద్ద మసక తప్ప ఏమీ మిగిలేది కాదు. సిలబస్ ఏ సంవత్సరమూ సకాలంలో పూర్తయ్యేది కాదు. మా లెక్కల్లో జవాబు సరిగ్గా ఉన్నా, అంకె వంకరగా ఉంటే ఎర్ర సిరా పడేది.

ఆయన బిడ్డ పెళ్లి సంగతి మా వైపు వాళ్లు ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. పెళ్లి పత్రిక మీద వేములవాడ రాజన్న స్వామి బొమ్మ కొంచెం పక్కకు అచ్చయిందని సారు కట్టలన్నీ వెనక్కి పంపి మళ్లీ అచ్చు వేయించారు. అవి వచ్చేసరికి పెళ్లి అయిపోయింది. చుట్టాలందరినీ ఫోన్ల మీదే పిలిచారు. "గా పత్రికలు ఇంక అటక మీదనే ఉన్నయి. మనుమరాలి పెండ్లికి పంచుదామంటడు మీ సారు" అని భూలక్ష్మమ్మ ఆయన ముందే ఎగతాళి చేసేది. సారు తల వంచుకొని నవ్వేవారు. అలా నవ్వడం ఆయన తర్వాత నేర్చుకున్నదే. పెళ్లినాడు మాత్రం ఆయన ఓ మూలన కూర్చొని కుమిలిపోయారట.

ఆయన మారడానికి కారణం ఒక ఖాళీ జవాబు పత్రం. అది నాది. పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలన్నీ వచ్చి కూడా నేను ఒక్క గీత గీయకుండా తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను. సారు నన్ను పిలిచి, "రాకనా?" అని అడిగారు. "వస్తయి సార్. తప్పు పోతదని రాయలే" అన్నాను. కొడతారనుకున్నాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుర్చీలో కూలబడ్డారు. తనకున్న రోగం ఒక పిల్లకు అంటుకున్నదని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఉపాధ్యాయులందరికీ పాఠ్య ప్రణాళిక పుస్తకం ఉంటుంది. అందులో ప్రతి పాఠం కింద ఒక చివరి గడి ఉంటుంది. పాఠం ఎలా సాగిందో ఉపాధ్యాయుడు తనను తాను సమీక్షించుకొని రాయాలి. ఆ గడిలో అందరం రాసేది ఒకటే: 'విద్యార్థులు చక్కగా అవగాహన చేసుకున్నారు.' పాఠం చెప్పకముందే రాసిపెట్టుకునే మహానుభావులూ ఉన్నారు. ఆ సాయంత్రం సారు ఆ గడిలో 'నా పాఠం వల్ల ఒక పిల్ల రాయడానికి భయపడింది' అని రాశారు. హెడ్మాస్టరు గారు అది చూసి, "గిదేం రాసినవయ్యా రాజలింగం? తనిఖీకొస్తె నా మెడకు సుట్టుకుంటది. కొట్టెయ్" అన్నారట. "కొట్టెయ్య సార్. గా గడి పెట్టిందే గందుకు గద" అని సారు జవాబు.

ఆనాటి నుంచి రోజూ రాశారు. గడి సరిపోక విడిగా డైరీ పెట్టారు. ఆయన నియమాలు కఠినమైనవి. కొట్టివేత ఉండకూడదు. చింపకూడదు. బాగా రాలేదని మళ్లీ రాయకూడదు. మొదట్లో తన అక్షరాలు చూసి తనకే సిగ్గయ్యేదని చెప్పేవారు. ఒకనాడు బోర్డు మీద వంకర వృత్తం గీసి, చెరపబోయి ఆగారు. "గిది గుండ్రంగ రాలే. అయినా గిదే వృత్తం. పాఠం సూడుండ్రి" అన్నారు. తరగతి తరగతంతా చప్పట్లు కొట్టింది. నన్ను మాత్రం రోజూ సాయంత్రం ఆపి, నాలుగు ముక్కలు రాయించి ఇంటికి పంపేవారు. "తప్పే రాయి బిడ్డా. రాస్తె దిద్దొచ్చు. తెల్ల కాయితాన్ని ఎవ్వడు దిద్దుతడు?" ఆ మాట పట్టుకొనే నేను పది పాసయ్యాను, ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఆ రోగం పూర్తిగా వదిలేది కాదు. ఆయనకూ అప్పుడప్పుడు తిరగబెట్టేది. టీచరుగా నేను ఒకే పేజీని మళ్లీ మళ్లీ రాస్తుంటే, సారు చెయ్యి తెచ్చి ఆ పేజీ మీద పెట్టేవారు. సుద్ద అంటిన ఆ వెడల్పాటి చెయ్యి తీసేదాకా నేను చింపడానికి వీలుండేది కాదు. "ఉండనియ్యి" అనేవారు. అంతే.

ఏ మేస్త్రీ పనీ నచ్చక ఏళ్ల తరబడి మొండిగోడలతో ఉన్న ఇంటిని ఈ మధ్యనే పూర్తి చేయించారు. ఆదివారం నేను వెళ్లేసరికి ఆ కొత్త గదిలోనే ఆయనను పడుకోబెట్టారు. తల దగ్గర నేలకు పరిచిన ఒక బండ పక్కదానికన్నా ఎత్తుగా ఉంది. నేను దాన్నే చూస్తుంటే భూలక్ష్మమ్మ నన్ను పట్టుకొని, "గా బండ తీపియ్యుమని నేనే మొత్తుకున్న బిడ్డా. మీ సారేమొ 'ఉండనియ్యే, ఇగ మనం ఉందాం ఈ ఇంట్ల' అన్నడు. గిదేనా ఉండుడు?" అని గుండెలు బాదుకున్నది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

రాజన్నా, నీ గుడి నీడలోనే పుట్టి పెరిగిన మనిషి. బతుకంతా ఊపిరి బిగబట్టి, చివరికి వదలడం నేర్చుకున్నారు. ఆ వదిలిన ఊపిరిని కొన్నాళ్లు పీల్చుకోనిస్తే నీ సొమ్మేం పోయింది? రిటైరయ్యాక ఊరికే కూర్చుంటానని, ఏ పనీ సరిగ్గా చేయనని ముచ్చటపడ్డారు. అది కూడా దక్కనివ్వలేదు. నాకు ఓదార్పు వద్దు. ఆత్మశాంతి అన్న మాట వింటేనే ఒళ్లు మండుతోంది.

పూర్వ విద్యార్థులు సంచిక వేస్తున్నామని, సారు గురించి నన్నే రాయమన్నారు. రాస్తున్నాను, చింపుతున్నాను. ఆయన పోయిన రోజే నా రోగం తిరిగి వచ్చింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నా పుస్తకంలో చివరి గడి కూడా ఆ రోజు నుంచి ఖాళీగానే ఉంది. ఇందాక ఈ పేజీని కూడా చింపబోయి, ఆ చెయ్యి వస్తుందేమోనని అలాగే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. నా చెయ్యే తీసి పేజీ మీద పెట్టుకున్నాను.

గురువర్యా, మీ పాదాలకు నమస్కరించి ఈ కాగితాలు సంచికకు పంపుతున్నాను. మళ్లీ చదవలేదు. ఇది బాగా రాలేదు సారూ, నాకు తెలుసు. అయినా రాశాను. ఇక దిద్దడానికి మీరు లేరు.