ఆంటీ డాక్టరుకు చెప్పని మాట

పోయిన మంగళవారం, మేముండే ఐరిష్ ఊరు నేవన్‌లో, మా పక్కింటి ఆంటీ పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు ఓదార్పు మాట ఒక్కటీ నా నోట రాలేదు. ఎందుకు రాలేదో ఇక్కడైనా చెప్పాలి.

ఆంటీ ఒక వృద్ధాశ్రమంలో కేరర్. ముసలివాళ్లకు జుట్టు దువ్వేటప్పుడు ఎడమచేత్తో వాళ్ల తల మెల్లగా పట్టుకునేవారు. "తల పట్టుకుంటే మనిషి కుదుటపడతాడమ్మా," అనేవారు.

నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. తలకు గట్టి దెబ్బ తగిలితే మెదడు కణాల్లోని కొన్ని ప్రోటీన్లు రక్తంలోకి చేరతాయి. అవి ఎంత ఉన్నాయో కొలిస్తే దెబ్బ ఏపాటిదో కొంత తెలుస్తుంది. ఆ కొలిచే పని నాదే.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, మర్నాడు ఆసుపత్రిలో అందరి ముందూ ఆ పరీక్ష గురించే మాట్లాడాల్సి ఉండి స్లైడ్లు తయారుచేసుకుంటున్నాను. ఆంటీ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"డ్యూటీలో బాత్రూంలో జారానే అమ్మాయ్. సింకు అంచు తలకి కొట్టుకుంది. దిమ్ముగా ఉంది, ఒకసారి వాంతి కూడా అయింది. నువ్వు ఈ పనిలోనే ఉన్నావుగా, అడుగుదామని వచ్చా."

నేను లాప్‌టాప్ మీంచి కళ్లెత్తలేదు. "రక్తం రాలేదుగా ఆంటీ? అయితే గ్రాండ్, ఏం కాదు. పారాసిటమాల్ వేసుకుని పడుకోండి."

"సరేమ్మా, నీ పని చూసుకో," అని తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి వెళ్లారు.

మర్నాడు మాట తడబడుతుంటే ఆంటీని అంబులెన్సులో మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. నేను ప్రసంగం ముగించి, చప్పట్లు అందుకుని ల్యాబుకు వచ్చేసరికి రక్తం ట్యూబు మీద ఆంటీ పేరుంది. ఆ నెలంతా నేను చూడనంత పెద్ద అంకె వచ్చింది. స్కాన్‌లో రక్తస్రావం కనబడింది, ఆపరేషన్ చేశారు.

కోలుకుంటున్నప్పుడు డాక్టరు నా ఎదుటే అడిగాడు, వాంతి అయిన రోజే ఎవరికీ ఎందుకు చెప్పలేదని. ఆంటీ ఒక్కసారి నా వైపు చూశారు. "పెద్దదేం కాదనుకున్నా," అన్నారు. నేను చేతిలోని రిపోర్టులోకి తల దించుకున్నాను.

తర్వాత ఆవిడ పనికి వెళ్లలేకపోయారు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేవారు. మనుషుల పేర్లు జారిపోయేవి. ఆ ఆదివారం కూడా జారిపోతే బాగుండునని లోలోపల కోరుకున్నదాన్ని నేను.

మొన్న చర్చిలో అంత్యక్రియల ప్రార్థన అయ్యాక వాళ్లమ్మాయి నన్ను చూపిస్తూ అందరి ముందూ అంది: "అక్క వెంటనే బ్లడ్ టెస్ట్ చేసింది. అందుకే అమ్మ మాకు ఇంకో టూ ఇయర్స్ దక్కింది." తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

ఆవిడ పోవడానికి ముందు, పోయిన నెల, వానలో బస్‌స్టాపు దగ్గర ఆంటీ ఒక్కరే కూర్చుని కనిపించారు. నా పేరు కోసం కాసేపు వెతుక్కున్నారు. దొరకలేదు. నవ్వేసి, బెంచీ మీద తడిని కోటు చేతితో తుడిచి, పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.