మా అత్తగారు ఒకటి మానితే ఇంకొకటి

ఆ రోజు మా తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. మా అత్తగారు సూరాయమ్మగారు ఎప్పటిలాగే దొడ్లో పీట వేసుకుని కూర్చుని కాయలు రాశులు పోయిస్తున్నారు. నేను మజ్జిగ తీసుకువెళ్లేసరికి ఆవిడ ఆవులింత మీద ఆవులింత తీస్తున్నారు. ముక్కు కారుతోంది. ఎండలో కూర్చుని చలి అంటున్నారు. పిక్కలు లాగేస్తున్నాయని కాళ్లు నేలకేసి కొట్టుకోవడం చూసి దింపువాళ్లు చెట్లు దిగిపోయారు.

"చలిజొరవండి. దుప్పటి కప్పండి" అన్నాడొకడు.

ఐనవిల్లి దగ్గర మా ఊరు. మామగారు పోయినప్పటినుంచి తోట, చేలు, పాలేళ్లు అన్నీ అత్తగారే చూసుకొచ్చారు. అలసిపోయానని ఎవరితోనూ అనే మనిషి కాదు. అందుకే భయమేసి అమలాపురం తీసుకువెళ్లాం. డాక్టరుగారు మలేరియాకి రక్తం చూశారు. స్టూల్ టెస్ట్, యూరిన్ టెస్ట్ చేయించారు. "అన్నీ నార్మలేనండి. వీక్‌నెస్" అని టానిక్ రాశారు. ఇంటికొచ్చాక వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

చివరికి మా పనిమనిషి మంగ నన్ను పెరట్లోకి పిలిచింది. "అమ్మగారికి నల్లమందు అందట్లేదండి. సర్కారు కొట్లో ఇవ్వడం తగ్గించేసేరండి" అంది.

ఎప్పుడో రక్త విరేచనాలైతే వైద్యుడు బఠాణీ గింజంత నల్లమందు వేశాడట. రోగం పోయింది, మందు ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి మాకెవరికీ తెలియలేదు.

మా ఆయనకి చెబితే మండిపడ్డారు. "మా అమ్మని నల్లమందు మనిషంటావేంటి? ఎవరైనా వింటే?"

"విననివ్వండి. ఆవిడ పడుతున్న బాధ మీరూ చూస్తున్నారుగా" అన్నాను.

మళ్లీ అమలాపురం వెళ్లినప్పుడు అత్తగారిని బల్ల మీద కూర్చోబెట్టి, గుమ్మం బయట డాక్టరుగారికి మెల్లగా చెప్పాను. "ఇది విత్‌డ్రాయలమ్మా! అలవాటైన మందు అందక ఒళ్లు చేసే గోల. ముందే చెప్పొద్దూ?" అని విసుక్కున్నారు. ఒక్కసారిగా మాన్పించకుండా డోస్ తగ్గిస్తూ రమ్మన్నారు. ఆయన మాటలు లోపలికి వినబడ్డాయి. తిరిగొచ్చేటప్పుడు బండిలో అత్తగారు నా మొహం చూడలేదు. "నా సంగతి గుమ్మం బయట చెప్పేవా?" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నా చేతి అన్నం తినలేదు.

అయినా మాన్పించాం. వానాకాలం వెళ్లేసరికి నల్లమందు పూర్తిగా పోయింది. మా ఆయన వినాయకుడికి ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టించి, తోట తాళాలు తను తీసుకున్నారు. "ఇంక నువ్వు హాయిగా కూర్చో అమ్మా" అన్నారు.

ఆవిడ కూర్చున్నారు. దగ్గు మొదలైంది.

దగ్గుకి డాక్టరుగారిచ్చిన మిక్స్చర్ సీసా వారం రావలసింది, రెండు రోజులకే ఖాళీ అయ్యేది. అందులోనూ నల్లమందు సత్తే ఉందని మాకు తెలిసేసరికి దానికి అలవాటుపడిపోయారు. అది ఆపించాం. అప్పుడు నీరసమన్నారు. వైద్యుడు ద్రాక్షారిష్టం ఇచ్చాడు. మద్యనిషేధం వచ్చాక కల్లు దొరకని మగవాళ్లు ఆ అరిష్టాలే తాగి తూలుతున్నారని ఊరందరికీ తెలుసు. మా ఇంట్లో మాత్రం అది బలానికి! అదీ మాన్పిస్తే నిద్ర పట్టదన్నారు. ఒక కాంపౌండరు నిద్రమాత్రలు అలవాటు చేశాడు. నల్లమందు మాన్పించినాయన అరిష్టం గురించి అడగలేదు. అరిష్టం ఇచ్చినాయనకి మాత్రల సంగతి పట్టలేదు. ఎవరికి వారు "నయమైంది" అని పంపేశారు. చేను గట్టుకి ఒక పీతబొరియ పూడిస్తే ఇంకో బొరియలోంచి నీళ్లు పోయినట్టుంది మా పని. నాకు ఏడుపు కూడా రావడం మానేసింది.

ఒక ఉదయం ఆవిడ ఎంత లేపినా లేవలేదు. గురక తీరు వేరుగా ఉంది. మంచం కింద అరిష్టం సీసా, పక్కన మాత్రల డబ్బీ. ఇది అమలాపురంలో తేలేది కాదని బండి కట్టించి, గోదావరి దాటడానికి ముక్తేశ్వరం రేవుకి పరుగెత్తించాం. పడవ నిండనీయండి అన్నాడు పడవవాడు. మా ఆయన జీవితంలో మొదటిసారి ఒకరి గడ్డం పట్టుకుని బతిమాలడం అప్పుడే చూశాను. అవతల కోటిపల్లిలో దిగి, కారు మాట్లాడుకుని, కాకినాడలో ఒక ఆసుపత్రికి చేర్చాం. స్టమక్ వాష్ చేశారు. మర్నాటికి కళ్లు తెరిచారు.

అక్కడి లేడీ డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి, "ఈవిడకి ఏమేం అలవాట్లున్నాయమ్మా?" అని అడిగారు. వరండాలోకి రమ్మని సైగ చేశాను.

"ఇక్కడే చెప్పండి. జబ్బు ఆవిడది" అన్నారు.

చెప్పాను. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను ముగించాక అటే చూస్తూ, "ముక్కుపొడి మర్చిపోయేవు" అన్నారు. "నిప్పు నోట్లో ఉండేలా అడ్డచుట్ట కూడా కాల్చేనండి డాక్టరుగారూ. నోరు కాలింది. అది పడలేదండి."

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు.

"ఇవన్నీ వేరువేరు జబ్బులు కావండి, ఒకటే" అన్నారు డాక్టరుగారు. "చెయ్యి మందు మీదకి ఏ వేళప్పుడు పోతుంది?"

"దీపాలెట్టే వేళకండి. అప్పటిదాకా ఎలాగో నెట్టేత్తాను. ఆ వేళయితే ఒళ్లు నాది కానట్టుంటాది."

"ఎందుకంటారు?"

"ఎందుకో తెలిస్తే మీ దాకా ఎందుకొత్తానండీ?"

డాక్టరుగారు నవ్వేశారు. "సరే, తెలియకపోయినా ఫర్వాలేదు. ఆ వేళ దాటించే సంగతి చూద్దాం."

నిద్రమాత్రలు ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తాయని వార్డులోనే ఉంచి తగ్గించారు. రోజూ సాయంత్రం డాక్టరుగారు వచ్చి పక్కన కూర్చుని మాట్లాడేవారు. చాలాసార్లు కొబ్బరి గురించే. పంపేటప్పుడు, ఏ మందైనా తనని అడిగే వాడాలనీ, ఏదైనా నా చేతి మీదుగానే ఇవ్వాలనీ, తోట పని ఆవిడకి తిరిగి అప్పగించాలనీ చెప్పారు.

"రెస్ట్ ఇవ్వాలి కదండీ?" అన్నారు మా ఆయన.

"ఆవిడకి పడనిది రెస్టేనండి."

అంతటితో అయిపోతే బాగుండేది. ముమ్మిడివరం నుంచి చుట్టం ఒకావిడ చూడ్డానికొచ్చి, బలానికని అరిష్టం సీసా చేతిలో పెట్టి వెళ్లింది. నాకు తెలిసేసరికి సగం ఖాళీ. మిగిలింది దొడ్లో ఒంపేసి, సీసా గోడకేసి కొట్టాను. మళ్లీ రేవు, మళ్లీ పడవ, మళ్లీ కాకినాడ. డాక్టరుగారు గట్టిగా చీవాట్లు పెడతారని, పెట్టాలని, ఆశపడ్డాను కూడా.

అత్తగారు కూర్చోకుండానే, "తాగేనండి" అన్నారు.

"ఆయ్. ఇదివరకైతే దాచేవారు" అన్నారు డాక్టరుగారు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు సరిగ్గా పడుకుంటున్నారా?" అని అడిగారు. ఇన్నేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదు.

ఇప్పుడు తోట తాళాలు అత్తగారి దగ్గరే ఉన్నాయి. దీపాలు పెట్టే వేళకి పశువులశాలలోకి వెళ్లి, పాలు సరిగా పితకలేదని పాలేరుతో పోట్లాట పెట్టుకుంటారు. కొన్ని సాయంత్రాలు ఆ పోట్లాట నాతో. ముక్కుపొడి మానలేదు, దాని సంగతి తర్వాత చూద్దామన్నారు డాక్టరుగారు. నాకు మాత్రం ఆ డబ్బీ చూస్తే ఒళ్లు మండుతుంది. మా ఆయన ఇప్పటికీ అందరితో "అమ్మకి వాతం" అనే చెబుతారు. ఇంకా నయం కాలేదా అని అడిగేవాళ్లకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే ఒక్కటి చెయ్యండి. డాక్టరు దగ్గర వాళ్ల సంగతి చాటుగా చెప్పకండి. మంచం పక్కనే నిలబడి, వాళ్లకి వినబడేలా చెప్పండి. మీకు తెలియనిది ఇంకోటి ఉంటుంది. అది చెప్పగలిగేది వాళ్లొక్కరే.