నాలుకగా మారిన అరచేయి

దుమ్ముగాలి లేచి పళ్ల మధ్య ఇసుక కరకరలాడినప్పుడల్లా నాకు ఇంగ్లీషు అచ్చులు గుర్తొస్తాయి. వాటితోపాటు ఒక అబద్ధం కూడా. దాని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో ఆ రోజు కింద సైతం "ఈవేళ గాలి ఎక్కువ" అని మాత్రమే రాసుకున్నాను.

మా నాయన గుంతకల్లు రైల్వేలో పనిచేసేవాడు. నేను చదివిన ఆడపిల్లల బడిలో సారమ్మ టీచర్ ఇంగ్లీషు చెప్పేవారు. ఎండలు ముదిరితే దుమ్ముకు భయపడి మా ఊరి ఆడవాళ్లంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడతారు. నేనైతే దుమ్ము అణిగిన వానాకాలంలో కూడా కొంగు తీసేదాన్ని కాదు. "ఏమ్మే, నోట్లో ముత్యాలేమన్నా దాచిపెట్టుకున్న్యావా?" అని పక్కన కూర్చునే రంగమ్మ ఎగతాళి చేసేది.

టీచరమ్మ అచ్చుల్ని చేతులతో చెప్పేవారు. పైన బోర్లించిన ఎడమ అరచేయి అంగిలి. దాని కింద కదిలే కుడి అరచేయి నాలుక. 'సీ' అన్నప్పుడు వేళ్లు ముందుకు లేచి అంగిలిని తాకబోయి ఆగేవి, ఆమె పెదవులు పక్కలకు సాగేవి. 'మూన్'కు చేయి వెనకవైపు పైకి లేచేది, పెదవులు సున్నా చుట్టేవి. 'ఫాదర్'కు చేయీ దవడా కలిసి కిందికి దిగిపోయేవి. 'అబౌట్'లో మొదటి ధ్వనికి మాత్రం చేయి నడిమధ్యన, నీళ్లమీద ఆకులా ఊరికే తేలేది. "ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చేది ఇదే. అయినా దీన్ని ఎవురూ గుర్తుపట్టరు," అన్నారు ఒకసారి, నావైపు చూస్తూ. ఆ రోజంతా నేను ఆ ధ్వనిలోనే నడుస్తున్నట్టు తిరిగాను.

ఒక ఏడాది ఎండలు మొదలయ్యే వేళకు ఆమె గొంతు బొంగురుపోయి, చివరికి గుసగుస మాత్రం మిగిలింది. నల్లబల్ల మీద రాస్తూ నెట్టుకొచ్చారు. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నారని తెలిసిన సాయంత్రం నన్ను ఆపి, చెవి దగ్గరికి వంగారు.

"గొంతు లేని టీచరును ఈడ ఎవురు ఉంచుకుంటారు పాపా? రేపు నా చేతులకు నువ్వు గొంతియ్యాల."

"నాకు నోరు పెగల్దు టీచరమ్మా."

"ఇంట్లో అచ్చులన్నీ పలుకుతాండావంట గదా! మీ నాయన తలుపు బయట నిలబడి విన్నాడంట. ఆయనే చెప్పినాడు."

మర్నాడు ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నారు. టీచరమ్మ చేతులు లేచాయి. నేను కొంగులోంచే 'సీ' అన్నాను. ఆమె చేయి కదల్లేదు. మళ్లీ అన్నాను. అది అట్లే ఆగి ఉంది. కనబడని పెదవులతో అచ్చు ఎవరికి నేర్పగలం? కొంగు దించాను. ముఖానికి చల్లగా, కొత్తగా గాలి తగిలింది. అప్పుడు చేయి కదిలింది. సీ, మూన్, ఫాదర్. నా వెనక తరగతంతా పలికింది.

"పాఠం మీరెందుకు చెప్పడం లేదు?" అని ఆయన టీచరమ్మను అడిగారు.

"ఇది మా టీచరమ్మ పద్ధతి సార్," అన్నాను నేను. "వాళ్లు చేత్తో చూపిస్తారు, మేం పలుకుతాం. మొదటినుంచీ ఇంతే."

అంత పొడుగు మాట నేను అదివరకెన్నడూ పరాయివాళ్లతో అనలేదు. ఆయన తలాడించి, కాగితం మీద ఏదో రాసుకుని, "బాగుందమ్మా," అన్నారు. రంగమ్మ దవడ మాత్రం 'ఫాదర్' దగ్గరే ఆగిపోయింది.

సెలవులదాకా అట్లే గడిచింది, ఆమె చేతులు, నా గొంతు. తర్వాత ఆమె వైద్యానికని తన అన్నగారింటికి పోయారు, మళ్లీ రాలేదు. ఇప్పుడు నేనూ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. గొంతు ఉన్నా సరే, నా అరచేతులు వాటంతటవే ఒకదాని కింద ఒకటి చేరతాయి.

ఆమె రైలెక్కిన రోజు ప్లాట్‌ఫారం మీద దుమ్ము లేచింది. నా చేయి కొంగు మీదికి పోయింది. కిటికీలోంచి ఆమె అన్న మాట ఇంజను కూతలో వినబడలేదు. పెదవుల మీదే చదువుకున్నాను.

"గాలెక్కువుండాది పాపా. తల కప్పుకో. నోరు మాత్రం కప్పుకోవాకు."