పెద్దనాయన చేనికి నీలిరంగు

ఆ రోజుల్లో నాకు రెండు రహస్యాలుండేవి. ఒకటి డైరీ, రెండోది అక్క మీద అసూయ. (డైరీని పెట్టెలో దాచగలిగాను. అసూయ మాత్రం మొహం మీదే కనిపించేదట.) అక్కంటే పెద్దనాయన కూతురు. ఎవరితోనైనా గలగలా మాట్లాడేది. నేను కొత్తవాళ్లొస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని.

ఎమ్మిగనూరు దగ్గరి మా ఊరికి ఒక సర్వేయరు వచ్చాడు. గొలుసుతో పొలాలు కొలిచేవాడు గనుక అందరూ ఆయన్ను గొలుసయ్య అన్నారు. వానలకు నీళ్లు నిలిచే చేలకు పటంలో నీలిరంగు వేస్తే, వాటికి మురుగు కాలువ తవ్విస్తారట. ఆయన మా పంచలో పటం పరిచి అడిగితే ఒక్కరూ నిజం చెప్పలేదు. నీళ్లు నిలిచే చేను ఉందనిపించుకోవడం నామోషీ. "నా చేన్లో యాడ నిలుస్తాయప్పా? ఆ పక్కాయప్పది సూడు, ఎనుములు ఈదుతాంటాయి!" అని ప్రతివాడూ పక్కవాడిని చూపించాడు.

నాలుగు వానాకాలాలుగా ఏ చేన్లో ఎన్ని దినాలు నీళ్లున్నాయో నా డైరీలో ఉంది. పత్తి ఏరుతూ అదంతా అక్కకు చెప్పేదాన్ని. అక్క ఇప్పుడు రంగు గిన్నె పట్టుకుని కూర్చుని, నేను చెప్పినవి ఒక్కొక్కటే తన కళ్లతో చూసినట్టు అప్పజెప్పసాగింది. "ఏం జ్ఞాపకశక్తమ్మా నీది!" అన్నాడు గొలుసయ్య. తలుపు వెనక నా చెవులు కాలిపోయాయి.

అందరూ భోజనాలకు లేవగానే కుంచె తీసుకుని పెద్దనాయన చేనంతా నీలం చేసేశాను. ఊళ్లో చుక్క నీరు నిలవని చేను అది. (పెద్దనాయన పత్తి బండ్లతో ఆదోనిలో ఉన్నాడు గనుక అడిగేవాళ్లు లేరు.)

గొలుసయ్య తిరిగొచ్చి, "ఇది నేనెప్పుడు వేశానమ్మా?" అన్నాడు. తెలియదంటే జ్ఞాపకశక్తి పరువేం కాను! "ఆడా నిలుస్తాయి సామీ, మోకాలి లోతు" అంది అక్క.

"మరి దాని దిగువ చేను?"

అది మాది. ఏటా మునిగేది. అక్క మా నాయన మొహం చూసి ఊరుకుంది. "మాదా? పలక మాదిరి ఆరిపోతాది" అన్నాడు నాయన మీసం దువ్వుతూ. నేను నోరు తెరిస్తే డైరీతో పాటు కుంచె సంగతీ బయటపడుతుంది. తెరవలేదు.

వేసవిలో కాలువ తవ్వారు. పెద్దనాయన చేనికి అడ్డంగా వచ్చి మా గట్టు దగ్గర ఆగింది. పటంలో తెల్లగా ఉన్న చేనికి కాలువెందుకు? మొదటి పెద్దవానకు పెద్దనాయన చేని నీళ్లు కూడా ఆ కాలువలో వచ్చి మా జొన్నలో కూర్చున్నాయి. "నా చేను ఆరిపోతాదని ఆ గొలుసయ్యకు ఎవురు సెప్పినార్రా?" అని నాయన ఊరంతా తిరిగాడు. నేను డైరీలో "మా చేను, పదకొండు దినాలు" అని మాత్రం రాసుకున్నాను. ఆ ఏడు మా తిండి జొన్నలు పెద్దనాయన ఇంటినుంచే వచ్చాయి. గంప మోసుకొచ్చింది అక్కే.

మొన్న ఆదోనిలో అక్క తన పిల్లలకు గొలుసయ్య మెచ్చుకున్న కథ చెబుతుంటే, అలవాటు కొద్దీ తలుపు వెనకే నిలబడి విన్నాను. నవ్వొచ్చింది. చెవులు మాత్రం ఇంకా కాస్త వేడెక్కాయి.