వెళ్ళొస్తానంటే నమ్మాడు

మాంద్యం రోజులవి. ఐర్లండ్‌లో లెటర్‌కెన్నీ దగ్గర సముద్రపు ఒడ్డున ఉండేదాన్ని. పీజీ అయింది, ఉద్యోగం లేదు. గదిలో అమ్మాయిలంతా ఇండియా వెళ్ళిపోయారు. నాతో మాట్లాడే మనిషి పక్కింటి ముసలాయన మిక్ ఒక్కడే. షికారుకొచ్చేవాళ్ళు లేక ఆయన పడవా ఖాళీగానే ఉండేది.

జనం మళ్ళీ వస్తారన్న ఆశతో పడవ అడుగున, నీళ్ళలో వెలిగే ఎల్‌ఈడీ లైట్లు పెట్టాలనుకున్నాడు. "నీలమా, ఆకుపచ్చా?" అని నన్నే అడిగాడు. "ఈ నీళ్ళకి ఆకుపచ్చే బాగా కనబడుతుంది" అన్నాను.

ఓ మధ్యాహ్నం సముద్రం వెనక్కి తగ్గి, పడవ ఇసుకమీద ఉండగా ఇద్దరం బిగించాం. నీళ్ళు లేకుండా వెలిగిస్తే వేడెక్కి పాడవుతాయి కాబట్టి పోటు వచ్చేదాకా ఆగాలి. చలికి తట్టుకోలేక, మనం "వెళ్ళొస్తాను" అన్నట్టే "ఐ విల్ గో అండ్ కమ్" అనేసి, ఇంటికొచ్చి ముసుగు తన్నాను.

చీకటి పడుతుండగా కిటికీలోంచి చూస్తే, వానలో, తేలుతున్న పడవలో మిక్! పరుగెత్తికెళ్ళి పడవెక్కాను.

"ఇంకా వెలిగించలేదేం?"

"వస్తానన్నావుగా" అన్నాడు వణుకుతూ.

సిగ్గుతో చచ్చిపోయాను. "అది మా భాషలో సెలవు తీసుకునే మాటండీ" అన్నాను.

"గ్రాండ్! పర్లేదు, ఎలాగూ వచ్చావుగా" అని స్విచ్ చూపించాడు. నొక్కాను. పడవ కింద నీళ్ళన్నీ పచ్చగా వెలిగాయి.

అప్పటిదాకా ఆ దేశంలో నాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరనుకున్నాను. ఇప్పటికీ "వెళ్ళొస్తాను" అనే ముందు, నిజంగా వస్తానా అని ఒక్క క్షణం ఆగుతాను.