ఏటిగట్టు మీద సంకల్పం

సంకల్పం చెప్పుకోకుండా దక్షిణామూర్తిగారు మంచినీళ్ళు కూడా తాగరని పాలగరువులో అందరూ అంటారు. అది అబద్ధం. మంచినీళ్ళు తాగుతారు. మిగతావన్నీ నిజం.

శివాలయం అర్చకులు కాబట్టి పూజకు ముందు సంకల్పం చెప్పడం ఆయన వృత్తి. ఏ ద్వీపంలో, ఏ కొండకి ఏ దిక్కున, ఏ నదికి ఏ ఒడ్డున ఉండి, ఏ తిథినాడు, ఏ గోత్రం వారి పేరున, ఏం కోరి ఈ పని తలపెట్టామో భగవంతుడికి విన్నవించుకోవడమే సంకల్పం. "పైన ఆయనకి ఇన్ని కోట్ల మందిమి. అడ్రసు సరిగ్గా చెప్పకపోతే ఎలాగండీ?" అంటారాయన. అందులో తప్పేమీ లేదు. గుడి బయట కూడా చెప్పడంతోనే ఆయన భార్య కనకవల్లిగారికి తల కొట్టేసినట్టుంటుంది.

ఒకసారి రామచంద్రపురంలో ఏటీఎంలో కార్డు పెట్టి కళ్ళు మూసుకున్నారు. జంబూద్వీపం దాటి భరతఖండంలోకి అడుగు పెట్టేసరికి యంత్రానికి ఓపిక పోయి కార్డు బయటికి నెట్టేసింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ నెట్టింది. వెనక వరస రోడ్డు మీదకి పాకాక కనకవల్లిగారే ఆయన్ని పక్కకి జరిపి మీటలు నొక్కారు. "దానికి భక్తి లేదు వల్లీ," అన్నారు బయటికొచ్చాక, చెడిపోయిన మేనల్లుడి గురించి చెప్పినంత బాధగా.

పన్ను పీకించుకున్ననాడు డాక్టరు మణిశంకర్ పట్టకారు పట్టుకుని శ్వేతవరాహకల్పం నుంచి శ్రీశైలం దాకా నిలబడ్డాడు. మత్తు ముందే ఇచ్చేయడంతో గోత్రం దగ్గరికి వచ్చేసరికి పంతులుగారికి నోరు తిరగలేదు. భరద్వాజ అనబోతే బబ్బాజ అని వచ్చింది. ఆ పన్ను ఎవరి పేరున పీకారో ఆయనకి ఇప్పటికీ అనుమానమే.

ఇవన్నీ కనకవల్లిగారు ఓర్చుకున్నారు. ఓర్చుకోలేనిది పోయిన కార్తికమాసం వెళ్ళిన మర్నాడు మొదలైంది. అరవై దాటిన మనిషి, బస్సు కోసం కూడా ఎప్పుడూ పరిగెత్తని మనిషి, జాగింగ్‌కి వెళ్తానన్నారు.

మా గోదావరి సీమలో జాగింగ్‌కి ఎత్తుపల్లాలు వెతుక్కోవాలి. భూమి పీట వేసినట్టుంటుంది. ఉన్న కొండ ఏటిగట్టే, ఉన్న లోయ దాని అవతలి లంకే. దక్షిణామూర్తిగారు ఆ రెంటితోనే మూడు దారులు కట్టారు. గట్టు ఎక్కి అరటితోటల్లోంచి లంకలోకి దిగి ఇసుకలో పడి మళ్ళీ గట్టెక్కేది లంక మార్గం. కాలవ వంతెన గూని మీదుగా వెళ్ళేది లాకుల మార్గం. కొబ్బరితోటల మధ్య నీటి బోదెలు దూకుతూ పోయేది తోట మార్గం. ఏ రోజు ఏ మార్గమో సంకల్పంలోనే ప్రకటిస్తారు. అదీ గట్టు మీద టీ బడ్డీ ఎదురుగా, తెల్లవారుతుండగా, గుళ్ళో మైకు అక్కర్లేని ఆ గొంతుతో. "గౌతమ్యాః ఉత్తర తీరే, లంక మార్గేణ, జాగింగాఖ్యం కర్మ కరిష్యే!"

ఇక వేషం. గోచీ పోసిన పంచె, తెల్ల కాన్వాసు బూట్లు, పైన నారింజ రంగు టీషర్టు. ఊళ్ళో చెరువులవాళ్ళకి రొయ్యల మేత కంపెనీ పంచిపెట్టినదది. వీపు నిండా మీసాలు మెలేసిన రొయ్య. ఉల్లిపాయ కూడా గుమ్మం దాటని ఇంట్లో రొయ్య.

"మడి కట్టుకునే ఒంటి మీద అదేంటండీ?" అని కనకవల్లిగారు గుండె పట్టుకున్నారు.

"బొమ్మే కదా వల్లీ. మత్స్యావతారానికి దూరపు చుట్టం అనుకో."

ఆవిడ అనుకోలేదు. ఆ చొక్కాని కర్రతో ఎత్తి, పెరటి కంచె మీద ఒంటరిగా ఆరేసేవారు. మడిబట్టల దండెం వైపు దాని గాలి కూడా సోకనిచ్చేవారు కాదు.

టీ బడ్డీ దగ్గర కుర్రాళ్ళకి మాత్రం పండగే. కిరణ్ కుమార్ రోజూ ఫోను పట్టుకుని ముందు బల్ల మీదే కూర్చునేవాడు. పంతులుగారు ద్వీపాలు, ఖండాలు దాటి గోత్రం దగ్గర గొంతు తగ్గించి ఏదో గొణుక్కుని, దణ్ణం పెట్టుకుని, వీపు మీద రొయ్య ఎగురుతుంటే కదిలేవారు. గట్టు గట్టంతా అటే తిరిగేది. ఆ వీడియోలు పాలకేంద్రం దాకా వచ్చేవి. కనకవల్లిగారు అక్కడ తలెత్తి పాలు పోయించుకోవడం మానేశారు.

అంతకంటే ఆవిడకి బాధ తబిత గురించి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసే పిల్ల. కానిస్టేబులు రాతపరీక్ష నెగ్గింది. పరుగు పరీక్ష ఉంది. అది నెగ్గితే ఉద్యోగం, ఉద్యోగం వస్తే తల్లి సూర్యకళకి కూలి తప్పుతుంది. ఆ పిల్ల పరుగు నేర్చుకునేది ఆ గట్టు మీదే, ఆ వేళప్పుడే. ముందు ఈయన ఆయాసపడుతూ అడ్డం.

"ఆ పిల్ల బతుకుతెరువు కోసం పరిగెడుతోందండీ. మీరు సరదా కోసం. కాస్త వేళ మార్చుకోకూడదా?" అని కనకవల్లిగారు ఎన్నిసార్లు అడిగినా ఆయన తిథి చూడాలనో నక్షత్రం చూడాలనో దాటేసేవారు.

మాఘమాసంలో ఆయన మోకాలు గుమ్మడిపిందెలా వాచింది. డాక్టరు అడుగు తియ్యొద్దన్నాడు. తబిత పరుగు పరీక్ష ఆ వారంలోనే. దారి ఖాళీ అయింది కదా అని కనకవల్లిగారు శివుడికి రెండు కొబ్బరికాయలు కొట్టారు, ఒకటి మొగుడి మోకాలు తగ్గాలని, ఇంకొకటి వెంటనే తగ్గకూడదని.

మర్నాడు పొద్దున్నే తబిత పాలు తెచ్చింది. బూట్లు వేసుకునే ఉంది. చెమట చుక్క లేదు.

"పరుగుకి వెళ్ళలేదేంటే?"

"గట్టు దాకా వెళ్ళి వచ్చేశానండి. పంతులుగారు లేరు కదండి."

"ఆయన లేకపోతే నీకు దారి ఖాళీయే కదా."

తబిత పాలగిన్నె మూత సర్దింది. "ఆయన ఉంటే అందరూ ఆయన్నే చూస్తారండి. నన్నెవరూ చూడరు," అంది.

కనకవల్లిగారు పాలు పొయ్యి మీద పెట్టారు. అవి పొంగి పోయాయి. ఆవిడకి అవేమీ పట్టలేదు. లోపలికి వెళ్ళి, మోకాలికి కాపడం పెట్టుకుంటున్న భర్త ఎదురుగా కూర్చుని, సంగతేమిటో చెప్పమన్నారు. ఆయన ఫ్యాను వంక చూశారు. గోడ వంక చూశారు. చూడటానికి ఇంకేమీ లేక చెప్పారు. కార్తికస్నానానికి వెళ్తూ చూశారట. కుర్రాళ్ళు ఏదో అన్నారు, నవ్వారు, ఆ పిల్ల బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి మళ్ళింది.

"వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు వల్లీ. పనిలేక చూస్తారు. ఏదో ఒకటి చూడాలిగా వాళ్ళకీ. నన్ను చూడమన్నాను."

కనకవల్లిగారు లేచారు. పెరట్లోకి వెళ్ళి కంచె మీది చొక్కా తెచ్చారు, కర్ర లేకుండా.

"సంకల్పం నాకు వచ్చనుకోండి. గోత్రం మనదే కదా చెప్పాలి?"

పంతులుగారు మొహమాటపడ్డారు. "మనది కాదు. అక్కడ గొంతు తగ్గించి, గోదావరీ గోత్రవత్యాః, తబితా నామధేయవత్యాః, పోలీసు ఉద్యోగ ప్రాప్త్యర్థం అనాలి. ఆ పిల్లని గోత్రం అడిగితే మా చర్చిలో ఉండవండి అంది. పుట్టినప్పటినుంచీ తాగింది ఈ నీళ్ళే కదా, అదే చెప్పేశాను."

మర్నాడు గట్టు మీద టీ గ్లాసులు పెదాల దగ్గరే ఆగిపోయాయి. పట్టుచీర మీద నారింజ చొక్కా, నుదుట కాసంత బొట్టు, వీపున రొయ్యతో కనకవల్లిగారు బడ్డీ ఎదురుగా నిలబడి జంబూద్వీపం నుంచి ఎత్తుకున్నారు. కిరణ్ కుమార్ ఫోను ఎత్తి, మళ్ళీ దించేశాడు.

"తియ్యరా కిరణూ, పరవాలేదు. మొహం కాదు, రొయ్య బాగా పడాలి," అన్నారావిడ.

ఆవిడది పరుగూ కాదు, నడకా కాదు. ఊళ్ళో కళ్ళన్నీ ఆ రొయ్య వెంట పోతుంటే, బడ్డీ వెనక నుంచి తబిత లంకలోకి దిగి, ఇసుక దాటి, మళ్ళీ గట్టెక్కి గాలిలా వెళ్ళిపోయింది. మిగిలిన రోజులన్నీ అదే వరస. ఆఖరి రోజున కిరణ్ కుమార్ ఫోను జేబులో పెట్టి, వంతెన దగ్గర తబితకి మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాడట. ఎవరూ చెప్పకుండానే.

పరీక్ష నాటి సాయంత్రం తబిత నేరుగా పంతులుగారి ఇంటికే వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"మీ వల్ల కొంప మునిగినంత పనైందండి," అంది. "గీత మీద నిలబడి ఏసయ్యా అని మొదలుపెట్టానండి. రోజూ విని విని నోటికి అలవాటైపోయి మీదే వచ్చేసింది. విజిల్ వేసేసరికి అందరూ వెళ్ళిపోయారు, నేనింకా జంబూద్వీపంలోనే ఉన్నానండి."

దక్షిణామూర్తిగారు మంచం మీద నుంచి సగం లేచారు. "అయితే?"

"లంక ఇసుకలో పరిగెత్తినదాన్ని కదండి, మైదానం నాకో లెక్కా! అందుకున్నాను. నెగ్గానండి. ఆయ్." అప్పుడు నవ్వింది. "మా పాస్టరుగారు ఆదివారం మీ మోకాలి కోసం ప్రార్థన పెట్టించారండి. ఎడమదో కుడిదో తెలియక రెండింటికీ చేశాం."

"చూశావా వల్లీ," అన్నారు పంతులుగారు. "అడ్రసు సరిగ్గా చెప్పాలి అంటాను కదా."

కనకవల్లిగారు వినిపించుకోలేదు. పెరట్లో ఉతికిన చొక్కా పిండి, దులిపి, మడిబట్టల దండెం మీద ఆరేస్తున్నారు, మీసాలు ముడత పడకుండా.