ఎల్లవ్వ తలుపు, మాఫీ అనే మాట

కరోనా వల్ల మా హోమ్ కేర్ నర్సులు ఇళ్ళకు వెళ్ళడం తగ్గిపోయింది. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ వక్రాలో కొడుకు దగ్గరుండే ఎల్లవ్వ కాలికి షుగర్ పుండు. పోయిన వారం ఎవరూ వెళ్ళి కట్టు మార్చలేదు. ఈ రోజు నేను వెళ్ళాను. కొడుకు డ్యూటీకి పోయాడు. మాస్కు, గౌను, కళ్ళద్దాలతో ఉన్న నన్ను ఆవిడ తలుపు సందులోంచి చూసి గొలుసు తియ్యలేదు. ధైర్యం చెబుదామని మా నేపాలీ డ్రైవర్ "సిస్టర్ కరోనా మాఫీ" అన్నాడు.

"మాఫీ అయ్యిందంటే ముందుగాల ఉన్నట్టే గద బిడ్డా. అప్పు లేనోనికి మాఫీ ఎవడు చేస్తడు?"

"ఇక్కడ అరబ్బీలో మాఫీ అంటే లేదని అర్థం అవ్వా. నాకసలు రానేలేదు" అన్నాక తలుపు తీసింది.

పుండు కాస్త ముదిరింది. అయినా తగ్గిస్తాను, ఆ నమ్మకం నాకుంది. కట్టు కట్టి లేస్తుంటే అంది, "ఎల్లుండి గూడ రా బిడ్డా. నర్సు మాఫీ అని మాత్రం ఫోన్ చెయ్యకుండ్రి."

మీకూ ఇలా మాట అడ్డం తిరిగిన సంగతులుంటే రాయండి. ఎల్లుండి మాత్రం ఈ పేజీలో నా కోసం చూడకండి, ఎల్లవ్వ దగ్గరికి వెళ్తాను, ఆ రోజు ఇక్కడ నేను మాఫీ.